టీసీ దరఖాస్తు మీద సంతకం పెట్టేముందు

అమ్మాయ్,

"మీవాణ్ణి తీసుకుపోండి" అని బాబు చదివే ప్రైవేటు బడివాళ్లు అన్నారని కంగారుపడి టీసీకి (బడి మారేటప్పుడిచ్చే బదిలీ పత్రం) నువ్వే దరఖాస్తు రాసివ్వకు. ప్రైవేటు బళ్లు "తీసేస్తున్నాం" అని కాగితం మీద పెట్టవు. "సొంత కారణాల వల్ల మానిపిస్తున్నాం" అని మనచేతే రాయించుకుంటాయి. అది ఇచ్చాక ఇక వాళ్లు తీసేసినట్టు కాదు, మనం మానిపించినట్టే. కారణం, తేదీ, సంతకంతో రాసిమ్మని అడుగు. ఇవ్వకపోతే జరిగింది నువ్వే రాసి ఆఫీసులో ఇచ్చి, రెండో కాపీ మీద అందినట్టు ముద్ర వేయించుకో. ముద్ర వెయ్యకపోతే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచు.

బాబు 8వ తరగతే కాబట్టి పైచెయ్యి నీదే. 2009 విద్యా హక్కు చట్టం 16వ సెక్షన్ ప్రకారం 14 ఏళ్లలోపు పిల్లల్ని 8వ తరగతి పూర్తయ్యేదాకా బడినుంచి తీసెయ్యకూడదు. 2019 సవరణ 5, 8 తరగతుల్లో ఫెయిల్ చెయ్యనిచ్చింది గానీ గెంటెయ్యనివ్వలేదు. ఈ రెంటినీ కలిపి బెదిరిస్తారు, నమ్మకు. అయితే మీది మైనారిటీ సంస్థ బడేమో ముందు కనుక్కో. 2014 సుప్రీంకోర్టు తీర్పుతో వాటికి ఈ చట్టం వర్తించడం లేదు.

ఫిర్యాదు రాతలోనే ఎంఈవోకి (మండల విద్యాధికారికి) ఇవ్వు. అదే చట్టం 32వ సెక్షన్ ప్రకారం మూడు నెలల్లో తేల్చాలి, ఆపైన రాష్ట్ర బాలల హక్కుల కమిషన్ ఉంది. అన్నాళ్లు పిల్లాణ్ణి ఇంట్లో కూర్చోబెట్టకు. సంవత్సరం మధ్యలో వచ్చాడనో, టీసీ ఆలస్యమైందనో సర్కారు బడి చేర్చుకోననడానికి లేదు. అసలు చిక్కు కంప్యూటర్లో వస్తుంది. యూడైస్ ప్లస్ అని బడి పిల్లలందరి వివరాలుండే ప్రభుత్వ ఆన్‌లైన్ రికార్డు ఉంది. అందులో పాత బడి పేరు వదిలి డ్రాప్‌బాక్స్‌లో (బడి వదిలిన పిల్లల జాబితాలో) పెడితేగాని కొత్త బడి తీసుకోలేదు. అందులో పిల్లాడికిచ్చిన శాశ్వత నంబరు, అదే పెన్ నంబరు, రాసుకుని, పేరు వదిలారో లేదో కొత్త హెడ్‌మాస్టరుతో వారానికోసారి చూపించుకో. పదో తరగతి నామినల్ రోల్స్ (పరీక్ష రాసే పిల్లల జాబితా) పంపే నాటికి పేరు పాత బళ్లోనే ఇరుక్కుంటే నానా తిప్పలు.

టీసీ చేతికొచ్చాక పుట్టినతేదీ, ఇంటిపేరు, "ప్రవర్తన" గడి అక్కడే నిలబడి చదువు. గడప దాటాక దిద్దించడం కష్టం.

ఎవరో ఓపెన్ స్కూలు (రోజూ బడికెళ్లకుండా చదివి పరీక్ష రాసేది) అంటున్నారన్నావు. 14 నిండితే పదో తరగతి పరీక్షకి కట్టొచ్చు, ఐదు సబ్జెక్టులు. జాతీయ ఓపెన్ స్కూలు సంస్థ (ఎన్ఐఓఎస్)లోనైతే రిజిస్ట్రేషను ఐదేళ్లు చెల్లుతుంది, తొమ్మిదిసార్లు రాయొచ్చు. 9, 10లో టీసీ చేతిలో పెట్టించుకుని, ఏ బళ్లోనూ సీటు దొరకని పిల్లలకి అది మంచి దారే. వీడికి మాత్రం వద్దంటాను. తరగతులు సెలవు రోజుల్లోనే, మిగతా వారమంతా వాణ్ణి చూసుకునేదెవరు?

ఫీజు బాకీ ఎంతో ఇప్పుడే రాతలో అడుగు. టీసీ రోజున కొత్త లెక్కలు తీస్తారు.

మీ మామయ్య