ఓడలో టిప్పు సంగతి: మా అమ్మాయికి ఒక ఉత్తరం

చి. సౌ. చిన్నమ్మాయికి,

మీ పెదనాయన ఆశీస్సులు. కావలిలో మేమంతా క్షేమం. పిల్లల సెలవుల్లో మీరు ఒంగోలు నుంచి మీ అత్తగారినీ మామగారినీ కూడా తీసుకొని సింగపూర్‌లో నాలుగు రాత్రుల విహారయాత్రకి ఓడ ఎక్కుతున్నారని విని మీ పెద్దమ్మ చాలా సంతోషపడింది. ఏజెంటు ఇచ్చిన కాగితంలో టికెట్ ధర కింద ‘గ్రాట్యుటీ అదనం’ (అంటే ఓడ పనివాళ్లందరికీ కలిపి వసూలు చేసే టిప్పు) అని ఉందనీ, అది కట్టాలా వద్దా అనీ, పనిచేసేవాళ్లకి విడిగా ఎంతివ్వాలనీ ఫోన్‌లో అడిగావు. అప్పుడు సగమే చెప్పగలిగాను. ఓడల్లో భోజనాల హాల్లో వడ్డించి వచ్చినవాణ్ణి కాబట్టి ఈ సంగతి తీరిగ్గా రాస్తేనే బాగుంటుందనిపించింది.

ముందు అసలు మాట. ఆ గ్రాట్యుటీ కట్టెయ్. చిన్నదానితో సహా ఆరుగురికీ పూర్తిగా కట్టెయ్. ఏజెంటు దగ్గరే టికెట్‌తో పాటు కట్టే వీలుంటే ఇంకా మంచిది. ఇక్కడ కట్టకపోతే ఓడలో రోజుకి ఇంతని మీ ఖాతాలో పడుతూ ఉంటుంది. ఆఖరి రోజు మొత్తం బిల్లు చూసేసరికి ఎవరికైనా మనసు వెనక్కి లాగుతుంది. బయల్దేరక ముందే కట్టేసిన డబ్బు గురించి దారిలో ఆలోచన ఉండదు.

లెక్క ఎట్లా ఉంటుందో చూడు. రాయల్ కరీబియన్ అనే ఓడ కంపెనీ వాళ్లు 2025లో మామూలు గదులకి మనిషికి రోజుకి 18.50 డాలర్లు, సూట్లకి, అంటే పెద్ద ఖరీదైన గదులకి, 21 డాలర్లు తీసుకునేవాళ్లు. ఆ మామూలు గది రేటే అనుకుంటే ఆరుగురికి నాలుగు రాత్రులకి 444 డాలర్లు. డాలరు 90 రూపాయలు వేసుకుంటే 40 వేలకి దగ్గర. వాళ్లు చంటిబిడ్డకి కూడా తీసుకుంటారు. కార్నివాల్ వాళ్లు రెండేళ్లలోపు పిల్లలకి తీసుకోరు, నార్వీజియన్ వాళ్లు మూడేళ్లు నిండినప్పటి నుంచి తీసుకుంటారు. కొన్ని కంపెనీలు టిప్పుని టికెట్‌లోనే కలిపేస్తాయి. మీ ఓడ ఏ కంపెనీదో నువ్వు చెప్పలేదు. రేట్లు మారుతుంటాయి గనక ఏజెంటు నోటిమాట వినకుండా, ఆ కంపెనీ సైట్లో ఈ రోజు ఎంతుందో నువ్వే చూసుకో.

40 వేలు తక్కువ డబ్బేం కాదు. మన ఊళ్లో ఎన్నో ఇళ్లు నెలంతా గడిపే డబ్బది. అందుకే చెప్తున్నా, దాన్ని మొదటినుంచీ టికెట్ ధరలో భాగంగా చూడండి. టికెట్ వరకే అందుబాటులో ఉండి, ఇది కలిపితే అందడం లేదనుకుంటే ఒక రాత్రి తక్కువున్న ప్రయాణం చూసుకోండి. బాల్కనీ గది మాని లోపలి గది తీసుకోండి. ఓడలో గదిలో గడిపేది నిద్రపోయేటప్పుడే. ఎక్కడైనా తగ్గించుకోండి గానీ పనివాళ్ల వాటాలో మాత్రం మిగుల్చుకోవద్దు.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, ఓడలో టిప్పు మన పక్క హోటల్లో టిప్పు లాంటిది కాదు. నెల్లూరులో మీల్స్ తిని సోంపు ప్లేట్లో పదో ఇరవయ్యో పెట్టి లేస్తాం. అది మన ఇష్టం, సర్వరు జీతం యజమాని బాధ్యత. ఓడల్లో చాలా కంపెనీలు గదులు సర్దేవాళ్లకీ వడ్డించేవాళ్లకీ చేతికిచ్చే మూలజీతం చిన్నది. వాళ్లు ఇంటికి పంపే డబ్బులో ఎక్కువ భాగం ఈ గ్రాట్యుటీ నుంచే వస్తుంది. పేరుకి బహుమానం, నిజానికి జీతం. ఆ పద్ధతి మంచిదా అని నన్నడిగితే కాదనే అంటాను. కంపెనీ జీతం సరిగా ఇచ్చి టికెట్ ధర పెంచుకోవడమే న్యాయం. కానీ ఆ న్యాయం వచ్చేదాకా మన గది సర్దే పిల్లవాడు పస్తుండలేడు కదమ్మా.

వాళ్ల పని ఎట్లా ఉంటుందో నీకు తెలియాలి. ఓడ పనివాళ్లకి ఒక అంతర్జాతీయ ఒప్పందం ఉంది, 2006లో రాసుకున్నారు, 2013 ఆగస్టు నుంచి అమల్లో ఉంది, మన దేశం 2015లో ఒప్పుకొంది. దాంట్లో విశ్రాంతికి పెట్టిన హద్దు ఏమిటంటే, ఏ 24 గంటల్లోనైనా 10 గంటలకీ, ఏ ఏడు రోజుల్లోనైనా 77 గంటలకీ తగ్గకూడదు. వారంలో ఉన్నవి 168 గంటలు. అందులో 77 తీసేస్తే ఎంత మిగులుతుందో చూసుకో. ఓడలో ఆదివారం అనేది ఉండదు. ఎక్కినరోజు నుంచి ఆరు నెలలో, ఎనిమిది నెలలో, కాంట్రాక్టు అయ్యేదాకా రోజూ పనే. మధ్యలో ఇంట్లో పెళ్లి జరిగినా, బిడ్డ పుట్టినా ఫోన్‌లో చూసుకోవడమే. వాళ్లలో ఫిలిప్పీన్స్, ఇండొనేసియా వాళ్లు బాగా కనబడతారు. మనవాళ్లు, గోవా, ముంబై, కేరళ పిల్లలూ ఉంటారు.

అల్లుడు గారు ఒక మాట అంటారని నాకు తెలుసు. కిందటిసారి అందరం కలిసి భోజనానికి పోయినప్పుడు బిల్లులో సర్వీస్ చార్జి చూసి తీసేయించారు. అక్కడ ఆయన చేసింది సరైన పనే. హోటళ్లు, రెస్టారెంట్లు తమంతట తాము సర్వీస్ చార్జి వేయకూడదని 2022 జులైలో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు దాన్ని నిలబెట్టింది. అది మన దేశంలో హోటళ్ల సంగతి. ఓడ సంగతి వేరు. సింగపూర్‌లో దిగాక కూడా మీరు తినే చాలా రెస్టారెంట్లలో 10 శాతం సర్వీస్ చార్జి, దానిమీద 9 శాతం జీఎస్టీ వేస్తారు. అది అక్కడి పద్ధతి. అక్కడ విడిగా టిప్పు ఇవ్వనక్కర లేదు, ఎవరూ ఎదురు చూడరు.

చాలా కంపెనీల ఓడల్లో గెస్ట్ సర్వీసెస్ కౌంటర్‌కి పోయి అడిగితే గ్రాట్యుటీ తగ్గిస్తారు, తీసేస్తారు కూడా. ఆఖరి సాయంత్రం అందుకోసమే వరసలో నిలబడేవాళ్లని చూశాను. ‘మాకు చేసినవాళ్లకి మా చేత్తో మేమే ఇచ్చుకుంటాం’ అంటారు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ మీకు కనబడేది ఇద్దరు ముగ్గురే. మీరు తిన్న ప్లేట్లు కడిగినవాడు, దుప్పట్లు ఉతికి ఇస్త్రీ చేసినవాడు, తెల్లవారుజామున బఫే బల్లలు సర్దినవాడు మీకు ఎదురుపడరు. ఆ గ్రాట్యుటీ డబ్బులో అట్లాంటివాళ్లకీ వాటా పోతుంది. పైగా కొన్ని కంపెనీల్లో, ప్రయాణికుడు గ్రాట్యుటీ తీసేయించుకుంటే, అతను చేతికిచ్చిన డబ్బుని పనివాడు మళ్లీ అందరి లెక్కలో జమ చేయాల్సిందే. మీరు ఇచ్చామనుకుంటారు, అతని జేబులో నిలవదు.

ఎవరైనా పని సరిగా చేయకపోతే? చేయని రోజే చెప్పండి. గది శుభ్రంగా లేకపోతే ఆ పూటే ఫోన్ చేసి చెప్తే సూపర్‌వైజర్ వచ్చి సరిచేస్తాడు. నాలుగు రోజులూ నోరు మెదపకుండా ఉండి చివర్లో డబ్బు కోసేస్తే ఎవరి తప్పుకి ఎవరికి శిక్ష పడిందో ఎవరికీ తెలియదు.

బార్ బిల్లు జాగ్రత్త. పిల్లలకి కొనే మాక్‌టెయిల్ అయినా, మామగారి సోడా అయినా, బిల్లులోనే 18 శాతమో 20 శాతమో టిప్పు కలిసి ఉంటుంది. స్పాలో కూడా అంతే. సంతకం పెట్టే కాగితంలో ‘అదనపు టిప్పు’ అని ఇంకో ఖాళీ గీత ఉంటుంది. దాన్ని చూసి ఇవ్వాల్సిందేమో అనుకొని మళ్లీ రాయొద్దు. గీత కొట్టి సంతకం పెట్టండి, ఎవరూ తప్పు పట్టరు.

ఇక చేతికిచ్చేది. ఇది నిజంగా మీ ఇష్టం. పెళ్లిలో వంటమేస్త్రికి మాట్లాడుకున్న లెక్క తీర్చాక, నిలబడి వడ్డించిన పిల్లల చేతిలో కూడా ఇంత పెడతామే, ఆ పద్ధతిలో చూసుకోండి. డబ్బు సరిపోకపోతే ఈ రెండోది మానుకోవచ్చు, మొదటిది మాత్రం మానకూడదు.

మీ కుటుంబానికి నేనైతే ఇట్లా లెక్క వేస్తాను. రెండు గదులకీ గది సర్దే స్టీవార్డ్ ఒకడే ఉంటే అతనికి గదికి 10 డాలర్ల చొప్పున 20. భోజనాల హాల్లో మీ బల్ల చూసే వెయిటర్‌కి 15, అతని పక్కన నీళ్లూ రొట్టెలూ తెచ్చే అసిస్టెంట్‌కి 10. హెడ్ వెయిటర్‌కి మామూలుగా ఇవ్వనక్కర లేదు. కానీ మీ అత్తగారు గుడ్డు కూడా ముట్టరు, మామగారికి రాత్రి పెరుగన్నం లేనిదే నిద్ర పట్టదు. అట్లాంటివాళ్ల కోసం మెనూలో లేని అన్నం పప్పు వండించి తెప్పించేది హెడ్ వెయిటరే. మొదటి రాత్రే అతన్ని పిలిచి మర్యాదగా చెప్పండి, మరుసటి రోజుకి ఏర్పాటు చేస్తాడు. చేస్తే అతనికో 10. శాకాహారం సంగతి టికెట్ కొనేటప్పుడే రాయించడం మాత్రం మర్చిపోవద్దు.

స్టీవార్డ్ విషయంలో ఇంకొంచెం చెప్పాలి. పెద్దవాళ్లు, చిన్నపిల్లలు ఉన్న గది అతనికి మామూలు గది కాదు. రాత్రి వేడినీళ్లు, ఇంకో దిండు, ఇంకో తువాలు, నేలమీద ఒలికిన పాలు, పదిసార్లు గంట. అట్లా తిప్పించుకుంటే ఇంకో 5 డాలర్లు కలపండి. అంతకంటే ముఖ్యం, అతని పని తగ్గించండి. పిల్లలు బొమ్మలు, బిస్కెట్ కాగితాలు మంచం కింద పారేయకుండా చూడు. తడి తువాళ్లు ఒక చోట వేయించు. గది ఎన్నింటికి ఖాళీ అవుతుందో ముందే చెప్తే అతనికి రోజంతా తేలికవుతుంది.

మొదటిరోజే నోటు చేతిలో పెట్టి బాగా చూసుకోమనడం కొందరికి అలవాటు. నాకు అది నచ్చదు. మనిషిని కొన్నట్టు ఉంటుంది. పక్కగది వాళ్లు ఇవ్వలేకపోతే వాళ్లకి తక్కువ చేయమన్నట్టు ఉంటుంది. రెండోరోజు సాయంత్రం అతను చేసిన మేలు చూసి కొంత ఇస్తే బాగుంటుంది. మిగతాది ఆఖరి రాత్రి ఇవ్వండి. దిగే రోజు పొద్దున అనుకుంటే దొరకడు. మధ్యాహ్నానికల్లా కొత్త ప్రయాణికులు ఎక్కుతారు, అప్పటికి గదులన్నీ మళ్లీ సిద్ధం చేయాలి, ఊపిరాడనంత పని. వెయిటర్‌కి ఆఖరి రాత్రి భోజనం అయ్యాక బల్ల దగ్గరే ఇవ్వండి. కవర్లు గెస్ట్ సర్వీసెస్‌లో అడిగితే ఇస్తారు.

ఇచ్చేటప్పుడు కుడిచేత్తో, అతని పేరు పెట్టి, కళ్లలోకి చూసి ఇవ్వాలి. పేరు బ్యాడ్జి మీద ఉంటుంది, చాలాచోట్ల దేశం పేరు కూడా. పిల్లలకి ఆ పేర్లు మొదటిరోజే నేర్పించు. ‘ఏయ్’ అనో చిటిక వేసో పిలిచే అలవాటు ఇంట్లో ఎవరికన్నా ఉంటే ఒంగోల్లోనే మాన్పించు. వడ్డించేవాడికి రోజంతా గుర్తుండేది అదే.

డబ్బు సంచి ఒక్కరి దగ్గరే ఉంచండి, నీ దగ్గరైతే మేలు. మామగారు ఇచ్చారనుకొని అల్లుడు గారు, అల్లుడు గారు ఇచ్చారనుకొని మామగారు ఊరుకోవడం పెద్ద కుటుంబాల్లో మామూలే. కెప్టెన్‌కి, ఆఫీసర్లకి, డాక్టర్‌కి, నర్సుకి ఎవరూ టిప్పు ఇవ్వరు. పిల్లల క్లబ్బులో ఆడించేవాళ్లు కూడా డబ్బు ఆశించరు. ఒడ్డున దిగి టూరు పోతే గైడు, డ్రైవరు ఓడ లెక్కలోకి రారు, రోజంతా తిప్పితే వాళ్లకి విడిగా ఇవ్వండి.

డబ్బు కాకుండా ఇంకొకటి ఇవ్వొచ్చు. దిగాక కంపెనీ నుంచి ఈమెయిల్లో అభిప్రాయం అడుగుతారు. చాలామంది తెరవను కూడా తెరవరు. నువ్వు తెరిచి, మీకు బాగా చేసినవాళ్ల పేరు, చేసిన పని, గది నంబరు రాయి. పై ఉద్యోగం ఇచ్చేటప్పుడూ, మళ్లీ కాంట్రాక్టుకి పిలిచేటప్పుడూ ఆ మాటలు చూస్తారు. నోటు నెలాఖరుకి ఖర్చయిపోతుంది, ఆ రాత అతని రికార్డులో ఉంటుంది. గుర్తుండటానికి పేర్లు ఓడలో ఉన్నప్పుడే ఫోన్‌లో రాసి పెట్టుకో.

ఆఖరి పని, నోట్లు. 100 డాలర్ల నోటు టిప్పుకి పనికిరాదు. చిల్లర నాణేలు వాళ్లకి మార్చుకోవడం కష్టం. చెన్నైలో విమానం ఎక్కకముందే, లైసెన్సున్న మనీ ఛేంజర్ దగ్గర 1, 5, 10 డాలర్ల నోట్లు అడిగి తీసుకోండి. చినిగినవి, రాతలున్నవి వద్దని చెప్పండి. చిన్న నోట్లు అన్నిసార్లూ ఉండవు, రెండు రోజుల ముందు ఫోన్ చేసి పక్కన పెట్టమనాలి. అల్లుడు గారి పాస్‌పోర్టు, పాన్ కార్డు, టికెట్ల కాపీ వెంట ఉండాలి.

మీ ఓడ కంపెనీ పేరు, గదుల వివరం వాట్సాప్‌లో పంపు. వాళ్ల గ్రాట్యుటీ రేటు చూసి లెక్క నేను కూడా ఒకసారి సరిచూస్తాను. మీ అత్తగారికీ మామగారికీ నమస్కారాలు, పిల్లలకి ముద్దులు.

ఆశీస్సులతో,
మీ పెదనాయన
కావలి