ఓడ ఒడ్డుకు చేరాకే అసలు ఖర్చు

ప్రశ్న: పెళ్లయిన రెండేళ్లకు న్యూజెర్సీ వచ్చాం. సికింద్రాబాద్‌లో మా వంటపాత్రలు, పుస్తకాలు, టేకు పూజామందిరం, రుబ్బురోలు, బొంతలు ఉండిపోయాయి. ఓడలో పంపడానికి 52,000 రూపాయలు అవుతుందని ఏజెంటు చెప్పాడు. తెప్పించుకోమంటారా?

జవాబు: ఆ 52,000 ఎక్కడి వరకమ్మా? నీ ఉత్తరంలో ఆ ఒక్క మాటే లేదు. 2005లో నేనూ అడగలేదు. అప్పుడు ఎడిసన్‌లో ఒక పడకగది ఇల్లు, ఇద్దరికీ కలిపి ఒకే జీతం. హైదరాబాద్‌లో 38,000 కట్టేశాం కదా, ఇక సామాను గుమ్మంలో దిగుతుందని నిశ్చింతగా ఉన్నాం. ఆ డబ్బు న్యూయార్క్ రేవు వరకేనని తొమ్మిది వారాల తర్వాత ఫోను వస్తే గాని తెలియలేదు.

మా సామాను మూడు సీబీఎంలు, అంటే మూడు క్యూబిక్ మీటర్లు. అంత కొంచెం సరుకు కంటైనర్‌ను నింపదు కాబట్టి నలుగురి సరుకుతో కలిపి వేస్తారు. ఎల్‌సీఎల్ అనేది దీన్నే. సనత్‌నగర్ కంటైనర్ డిపోలో ఎక్కి, ముంబై పక్కన ఉన్న నవశేవ రేవు మీదుగా వచ్చింది. ఇక్కడ గిడ్డంగిలో కంటైనర్ విప్పినందుకు సీబీఎంకు ఇంతని తీసుకుంటారు. కాగితాలకు వేరే రుసుము. కొద్ది రోజుల గడువు దాటితే రోజువారీ అద్దె మొదలవుతుంది.

మా గడువు దాటింది. కారణం బిల్ ఆఫ్ లేడింగ్, అంటే సరుకు ఓడకు అప్పగించినందుకు ఇచ్చే రసీదు. సరుకు విడిపించడానికి దాని అసలు ప్రతి కావాలి. ముఖ్యమైన కాగితం కదా అని మా అన్నయ్య దాన్ని బీరువాలో భద్రంగా దాచాడు. అది కొరియర్లో నాకు చేరేసరికి పదకొండు రోజుల అద్దె పడింది. ఆ రోజుల్లో నాకు నిద్ర లేదు. తెల్లవారితే మళ్లీ ఒక రోజు అద్దె. అసలు ప్రతిని అక్కడే ఏజెంటుకు అప్పగిస్తే ఇక్కడ కాగితం లేకుండానే సరుకు ఇస్తారని, దాన్ని టెలెక్స్ రిలీజ్ అంటారని ఎవరూ చెప్పలేదు. నువ్వు అదే చేయించు.

రెండో దెబ్బ నేను సామాను జాబితా రాసిన తీరు వల్ల తగిలింది. జాబితాలో ‘పాత ఇంటి సామాను, 14 పెట్టెలు’ అని ఒక్క వాక్యం రాశాను. కస్టమ్స్ వాళ్లు పెట్టెలు విప్పించారు. తనిఖీకి కస్టమ్స్ రుసుము తీసుకోదు గాని, పెట్టెలను అక్కడికి మోసి, విప్పి, మళ్లీ కట్టిన కూలి మనదే. అత్తయ్య ప్రేమగా పెట్టిన పది కిలోల సోనా మసూరి బియ్యం తీసి పారేశారు. మాంసం పచ్చళ్లూ రానివ్వరు. పెట్టెకో నంబరు వేసి, ప్రతి పెట్టెలో ఏముందో విడివిడిగా రాయి. మందిరాన్ని చెక్క చట్రంలో బిగిస్తే, ఆ చెక్క శుద్ధి చేసినదని తెలిపే ముద్ర ఉండాలి.

ఈ ఒడ్డున చివరికి 1,140 డాలర్లు కట్టాను. ఆనాటి లెక్కన 50 వేల రూపాయలు, అక్కడ కట్టినదానికంటే ఎక్కువ! ఆ నెల ఇంటి అద్దె కోసం స్నేహితురాలి దగ్గర చేబదులు తీసుకున్నాను. తర్వాత మా బంధువుల్లో ఆరు కుటుంబాల సామాను నేనే దగ్గరుండి విడిపించాను. ఎవరికీ ఒక్క రోజు అద్దె పడలేదు.

సుంకం గురించి భయపడకు. ఏడాదికి పైగా వాడిన ఇంటి సామానుకు 3299 ఫారంతో మినహాయింపు ఉంది. వివరాలు కస్టమ్స్ వెబ్‌సైట్లో చూసుకో. మా రోజుల్లో లేనిది ఇంకొకటి ఉంది. 2009 నుంచి ఓడకు ఎక్కించే 24 గంటల ముందే ఐఎస్ఎఫ్, అంటే ఏ సరుకు ఎవరి నుంచి ఎవరికి వస్తోందో కస్టమ్స్‌కు ముందుగా తెలిపే వివరాలు, దాఖలు చేయాలి. తప్పితే 5,000 డాలర్ల వరకు జరిమానా. ఎవరు చేస్తారో ఏజెంటును ఇప్పుడే అడుగు.

బొంతలు విమానంలో వేయాలనుకుంటావేమో, వద్దు. 60, 50, 40 సెంటీమీటర్ల పెట్టెలో బొంతలు ఏడు కిలోలే తూగినా, కొలతలను గుణించి 5,000తో భాగించే కొరియర్ లెక్కలో అది 24 కిలోలు. ఓడలో మాత్రం బరువు కంటే చోటుకే డబ్బు, కాబట్టి రుబ్బురోలు నిశ్చింతగా వేయి. పుస్తకాలూ అంతే. స్టీలు పాత్రలు ఇక్కడ దొరుకుతాయి, వదిలేయి. మీ అమ్మగారు చిన్న పార్సిళ్లు పంపుతానంటే, 800 డాలర్ల లోపు సరుకుకు ఉన్న సుంకం మినహాయింపు 2025 ఆగస్టు 29తో పోయిందని చెప్పు.

ముందు ఏజెంటుతో, ఇంటి గుమ్మం వరకు అయ్యే మొత్తాన్ని, ఈ ఒడ్డు రుసుములు ఒక్కొక్కటీ విడగొట్టి, కాగితం మీద రాయించు. ‘అవన్నీ చిన్న చిన్నవేనమ్మా’ అంటే ఆ మనిషిని వదిలేసి ఇంకొకరిని చూడు. రాసిచ్చిన కాగితం నాకు పంపు. అందులో ఏ రుసుము దాచారో నేను చూసి చెబుతాను.