గుడి మండపంలో వద్దు తల్లీ

చిట్టితల్లీ,

మీ ఊళ్ళో ఆడవాళ్ళ సంఘం మొదటి మీటింగ్ అమ్మవారి గుడి మండపంలో పెడితే ఆడవాళ్ళు బాగా వస్తారని రాశావు. వస్తారు. ఎవరు రారో కూడా చూసుకో. నెలసరిలో ఉన్నవాళ్ళు రారు. దళితవాడ వాళ్ళు మెట్ల దగ్గరే ఆగిపోతారు. ముస్లింలు, చర్చికి వెళ్ళేవాళ్ళు మనకెందుకులే అనుకుంటారు. బడి వరండా అడుగు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడింది అక్షరాలు దిద్దుకునే తరగతుల్లో కూడబలుక్కునే.

నేను చేసిన తప్పు చెబుతాను. మొదట్లో మా మీటింగులన్నీ బొట్టుపెట్టి మొదలుపెట్టేవాళ్ళం. అది మర్యాద అనుకున్నాను. ఒకరోజు కుంకుమ భరిణె దగ్గరికి వచ్చేసరికి ఒకావిడ కొంగు నుదుటి మీదికి లాక్కుని గోడవైపు జరిగింది. భర్త పోయి మూడు నెలలు. పొలంలో వాటా కోసం బావగారితో గొడవ పడుతోంది. సంఘం అవసరం అందరికంటే ఆమెకే ఎక్కువ. మళ్ళీ రాలేదు. ఇంటికెళ్ళి చేతులు పట్టుకుని బతిమాలాను. అప్పటినుంచి భరిణె మానేసి, అందరం ఒకే బిందెలో నీళ్ళు తాగి కూర్చునేవాళ్ళం. దానికీ కొందరు అలిగి వెళ్ళిపోయారు, వెళ్ళనిచ్చాం.

అలాగని దేవుణ్ణి వదిలేసి రమ్మని ఎవరికీ చెప్పకు. తాగొచ్చి కొట్టే మొగుడితో వేగే మనిషికి దీపం దగ్గర కూర్చునే పది నిమిషాలే తనవి. భజనలో గొంతు విప్పినవాళ్ళే మా దగ్గర తర్వాత తహసీల్దారు ముందు గట్టిగా మాట్లాడారు.

అన్నిటికంటే కష్టం జోగిని వ్యవహారం, ఆడపిల్లను దేవతకు ఇచ్చేశామని చెప్పి ఊరి మగవాళ్ళ పాలు చేసే ఆచారం. నిషేధిస్తూ 1988లోనే చట్టం వచ్చింది. చట్టం ఉండాల్సిందే, అవసరమైతే పోలీసుల దగ్గరికీ వెళ్ళు. కానీ ఒక ఇంట్లో పాపకు జుట్టు జడలు కట్టింది. ఎల్లమ్మ అడుగుతోందని, ఇవ్వకపోతే బిడ్డ దక్కదని తల్లి వణికిపోతోంది. చట్టం అని నేనెంత చెప్పినా ఆమెకు వినపడలేదు. మాతో వచ్చిన ఒక ముసలి జోగిని పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. "రోజూ ఎల్లమ్మకు మొక్కేదాన్ని చెబుతున్నా. నన్ను పాడుచేసింది మనుషులు, అమ్మ కాదు. అమ్మ ఏ బిడ్డనూ అడగదు" అంది.

తల్లి చాలాసేపు ఏడ్చింది. తర్వాత లోపలికెళ్ళి కత్తెర తెచ్చి ఆ ముసలామె చేతికే ఇచ్చింది.

నీ పెద్దమ్మ