ఈగల లెక్కకు వెళ్లే ముందు

తల్లీ,

ఉద్దానం జీడితోటల్లో తేనెటీగలూ తుమ్మెదల్లాంటి పువ్వుల మీద వాలే ఈగల సర్వే చేస్తానన్నావు, చాలా సంతోషం. ఒక్క మాట ముందే చెబుతున్నా, తేనెపట్లు లెక్కపెట్టి ఆగిపోకు. మొదట్లో నేను చెట్ల మీది పట్లు రాసుకుని ఇంటికొచ్చేసేవాణ్ణి, ఈగ కనబడని రోజున పుస్తకం తెరిచేవాణ్ణే కాదు. అలా మూడేళ్ల కష్టం పనికిరాకుండా పోయింది. నువ్వు సున్నా వచ్చినా సున్నా అని రాయి.

ఒకే వంద మీటర్ల దారి, ఒకే వేగం, ఒకే వేళ. పూత మొదలైన దగ్గర్నుంచి అయిపోయేదాకా వారం వారం అదే దారిలో నడువు. ఎండా మబ్బా, గాలి ఎంత, జీడి చిగుళ్ల రసం పీల్చే టీ దోమ పురుగుకని మందు ఎప్పుడు కొట్టారు, ఇవన్నీ పక్కనే రాసుకో. పెన్సిల్ వాడు, మంచుకి ఇంకు పాకిపోతుంది.

పసుపు, నీలం, తెలుపు గిన్నెల్లో సబ్బునీళ్లు పెట్టే పద్ధతి ఉంది కదా, చిన్న ఈగలకి అది బాగానే పనిచేస్తుంది కానీ పెద్ద తేనెటీగలు వాటిలో పెద్దగా పడవు, అందుకని ఆ లెక్కొక్కటే నమ్మొద్దు. పడ్డవి చచ్చిపోతాయి కూడా, పేరు తేల్చడానికి కావాల్సినన్ని పడగానే గిన్నెలు తీసెయ్యి.

ఒక పొద్దున వంగమడిలో కూర్చుని చూడు. నల్ల తుమ్మెద వచ్చి పువ్వుని గట్టిగా పట్టుకుని, రెక్కలు కదలకుండా ఒళ్లు అదిరేలా ఝుమ్మంటుంది. కేసరాల కొసనున్న సన్న రంధ్రాల్లోంచి పుప్పొడి దాని పొట్ట మీద రాలుతుంది. పట్లు పెట్టే తేనెటీగలకి ఆ విద్య రాదు. తేనె ఇవ్వదని ఆ తుమ్మెదని ఎవరూ లెక్కలో వేసుకోరు, నాకు బాధంతా అక్కడే. తోటలో దున్నని మట్టిలో చిన్న చిన్న కన్నాలూ, ఎండుకొమ్మల్లో తొలిచిన గూళ్లూ వెతుకు. పాత మట్టిగోడ పగుల్లో మైనపు గొట్టంలాంటిది కనబడితే అది కుట్టని చిన్న ఈగల వాకిలి. గోడకి సిమెంటు పూస్తే ఆ గూడు పోయినట్టే, ఇంటివాళ్లతో కూర్చుని మాట్లాడు.

సీతంపేట కొండల మీద సవర, జాతాపు గిరిజన పెద్దల్ని తప్పకుండా కలువు. ఏ చెట్టుకి ఏ నెలలో పట్టు పడుతుందో వాళ్లు చెప్పినంత వివరంగా మనకెవరూ చెప్పలేరు. కొండ తేనె పట్టులో తేనె పైభాగంలో, కొమ్మకి ఆనుకుని ఉంటుంది, అది మాత్రం కోసి పిల్లలున్న కింది భాగాన్ని వదిలేస్తే ఈగలు నిలబడతాయి. ఎవరు ఎలా కోస్తున్నారో కూడా నీ లెక్కలో ఉండాలి. పట్టున్న చెట్టు ఎక్కడుందో మాత్రం ఫోటోతో సహా ఎక్కడా పెట్టకు, ఆ చెట్టు చూసుకునేవాళ్ల బతుకు అది.

పూతకి ముందే ఒకసారి ఇంటికి రా, ఈగల్ని పట్టే వలకి మెత్తటి గుడ్డ ఎలా కుట్టాలో చూపిస్తాను.