పెరట్లో టేకు చెట్టు: కొమ్మలు కొట్టించాలా, మొత్తం అమ్మేయాలా?

ప్రశ్న: అండీ, మాది గుంటూరు. మా మామగారు 1994లో పెరట్లో నాటిన టేకు చెట్టు ఇప్పుడు డాబా దాటి పైకెళ్లిపోయింది, రెండు కొమ్మలు మా డాబా మీదికి, ఒకటి పక్కింటోళ్ల రేకుల మీదికి ఉన్నాయి, గాలొస్తే వాళ్లు భయపడుతున్నారు. ప్రహరీ గోడ బీటలిచ్చింది. వానాకాలంలో ఆకులన్నీ పురుగు తినేసి జల్లెడలా అవుతున్నాయి. కర్రల అడితి అతను వచ్చి 15 వేలిస్తా, నేనే కొట్టించుకుపోతా అంటున్నాడు. మావారు అమ్మేద్దాం అంటున్నారు, అత్తగారు వద్దంటున్నారు. ఏం చేయమంటారు?
– ఓ పాఠకురాలు

జవాబు: అమ్మా, రేటు సంగతి తర్వాత, ముందు చెట్టు మొదలు చూడండి. మాను చుట్టూ సుత్తితో మెల్లగా కొడితే గుల్ల చప్పుడు వస్తుందా, మొదట్లో పుట్టగొడుగుల్లాంటివి మొలుస్తున్నాయా, చెట్టు ఈమధ్యే ఒక పక్కకి ఒరిగి రెండో పక్క నేల లేచిందా అని చూడాలి. బెరడు మీద చెద మట్టి ఉంటే మాత్రం కంగారు పడకండి, చాలాసార్లు అది పైపైనే తింటుంది. ఆ మూడిట్లో ఏదున్నా ఇక ఆలోచించొద్దు, తుఫాన్ల సీజన్ రాకముందే తీయించేయండి, 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గరే కదా తీరం దాటింది. ఏవీ లేకపోతే మాత్రం నేను మీ అత్తగారి వైపే.

గోడ బీటల నేరం చెట్టు మీద ఒక్కదాని మీదే వేయకండి. గుంటూరులో చాలాచోట్ల రేగడి నేల, వానకి ఉబ్బుద్ది, ఎండకి కుంచించుకుపోద్ది, చెట్టు లేని ఇళ్లలోనూ గోడలు పగులుతూనే ఉంటాయి. చెట్టు వేళ్లు తేమ లాగేసి ఎండాకాలంలో ఆ కుదింపు ఇంకాస్త పెంచుతాయి, అది నిజమే, కానీ పెద్ద చెట్టుని ఒక్కసారిగా తీసేసినా నేల మళ్లీ తేమ పట్టి ఉబ్బి గోడ కదిలే అవకాశం ఉంది. అందుకని బీట ఇంటి గోడకి కూడా పాకితే ఓ ఇంజనీరుకి చూపించాకే చెట్టు జోలికి వెళ్లండి.

ఇళ్ల మీదికొచ్చిన ఆ మూడు కొమ్మలూ, ఎండినవీ తీయిస్తే ప్రస్తుతానికి చాలు. ఫిబ్రవరి, మార్చిలో ఆకు రాలి ఉన్నప్పుడు చేయించండి. కొమ్మకి ముందు కింద నుంచి కాస్త గాటు పెట్టి, ఆ తర్వాత పై నుంచి కోసి బరువు దించేసి, చివర్లో మానుకి అతుక్కున్న ఉబ్బుని కోయకుండా వదిలి, మిగిలిన కొమ్మ ముక్క తీయాలి, లేకపోతే బెరడు చీలుకుంటూ కిందిదాకా వచ్చేస్తుంది. చెట్టు తల మాత్రం నరికించొద్దు, దయచేసి. నరికిన చోట కుళ్లు దిగుద్ది, పైగా అక్కడ గుంపుగా లేచే కొత్త కొమ్మలకి పట్టు ఉండదు, గాలికి ముందు విరిగేవి అవే. పురుగుకి మందు అక్కర్లేదు, టేకు మళ్లీ చిగురేసుకుంటుంది.

ఇక అమ్మకం. స్టూలెక్కి మాను చుట్టూ ఆరడుగుల ఎత్తులో టేపు పెట్టండి. 44 అంగుళాలు ఉందనుకోండి, తిన్నటి దుంగ 12 అడుగులు వస్తుందనుకోండి. 44లో నాలుగో వంతు 11, దాన్ని దానితోనే హెచ్చవేస్తే 121, ఇంటూ 12, బై 144, అంటే దాదాపు 10 ఘనపుటడుగులు. ఇందులో బెరడు పోవాలి, తెల్ల కర్ర పోవాలి, మిగిలిన చేవకే, అంటే లోపలి గట్టి కర్రకే అసలు విలువ, నీళ్లు బాగా అందిన పెరటి చెట్టుకి ముప్పై ఏళ్లకి చేవ మనం అనుకున్నంత ఉండకపోవచ్చు. బట్టల తీగ కోసం మేకులు కొట్టి ఉంటే రేటు ఇంకా తగ్గుద్ది, రంపం పళ్లు పోతాయని కోత మిల్లు వాళ్లకి భయం. మీ కొలతకి టేకు దుంగ ధర ఎంతో రెండు మూడు అడితీల్లో అడిగి, కొట్టుడు కూలీ, రవాణా తీసేసి చూడండి, 15 వేలు న్యాయమో కాదో మీకే తెలుస్తుంది. నా వరకు, త్వరలో ఇల్లు కట్టుకుని తలుపులకి వాడుకునే పని ఉంటే తప్ప ఒక్క చెట్టు అమ్ముకుని బాగుపడేదేమీ ఉండదు.

అమ్మాలనే అనుకుంటే అటవీ శాఖ రేంజ్ ఆఫీసుకి వెళ్లి అడగండి, 2002 వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం చెట్టు కొట్టడానికి అనుమతి ఉండాలి, టేకు దుంగ బండెక్కించాలంటే రవాణా పర్మిట్ వేరే. అన్నీ నేనే చూసుకుంటా అని అడితి అతను అనే మాట మీద వదిలేయకండి, ఆ కాగితాలు చేతికొచ్చేదాకా అడ్వాన్సు తీసుకోవద్దు, పక్కింటి రేకులు పగిలితే ఎవరు కట్టాలో ముందే రాయించుకోండి.