నత్రజని ‘సుసంపన్నం’ అయిందా?

సందేహం: డిగ్రీ కళాశాలలో వృక్షశాస్త్రం బోధిస్తున్నాను. ఒక విజ్ఞాన మాసపత్రికకు పంపిన వ్యాసానికి ‘శీతల పర్వత పర్యావరణ వ్యవస్థల మృత్తికా సూక్ష్మక్రిములలో నత్రజని సమస్థానీకాల సుసంపన్నత’ అని పేరు పెట్టాను. ‘సమస్థానీకం’ తప్పనీ, ‘ఐసోటోపు’ అని మార్చమనీ సంపాదకులు అన్నారు. ఏది సరైనది? తక్కిన మాటలు బాగానే ఉన్నాయా?

సమాధానం: సంపాదకులు అన్నది సగం నిజం. స్థాన శబ్దానికి ‘ఇక’ ప్రత్యయం చేరితే ‘స్థానిక’, ‘ఈయ’ ప్రత్యయం చేరితే ‘స్థానీయ’ అవుతాయి. ఒకదానిలోని దీర్ఘాన్నీ మరొకదానిలోని కకారాన్నీ కలిపి చేసిన ‘స్థానీకం’ మాత్రం ఏ ప్రత్యయంతోనూ సిద్ధించదు. కాబట్టి ‘సమస్థానీయం’ అని దిద్దుకుంటే చాలు, మాటను పూర్తిగా వదులుకోనక్కర లేదు. 1913లో ఫ్రెడరిక్ సాడీ అనే రసాయన శాస్త్రవేత్త ఐసోటోప్ అన్న పేరును వాడుకలోకి తెచ్చారు. ఆ పేరును ఆయనకు సూచించినవారు మార్గరెట్ టాడ్ అనే స్కాట్లండు వైద్యురాలు. గ్రీకులో ‘ఐసోస్’ అంటే సమానం, ‘టోపోస్’ అంటే చోటు. ఒకే మూలకానికి చెందినా బరువులో తేడా ఉన్న ఈ పరమాణువులు మూలకాల పట్టికలో ఒకే గడిలో కూర్చునేవని భావం. సమస్థానీయం ఆ భావాన్ని ఉన్నదున్నట్టు తెలుగులోకి తెస్తుంది. అయినా మీ పాఠకులు ఎక్కువగా విన్నది ‘ఐసోటోపు’నే కనుక అది రాసినా నాకు అభ్యంతరం లేదు, బహువచనంలో ‘ఐసోటోప్స్‌లు’ అని రెండు భాషల ప్రత్యయాలూ తగిలించకుండా ‘ఐసోటోపులు’ అంటే సరి.

‘నత్రజని’ స్థిరపడిన మాట, దానికి ఢోకా లేదు. ‘సూక్ష్మక్రిమి’ కన్నా ‘సూక్ష్మజీవి’ మేలు. క్రిమి అనగానే మనకు పురుగూ క్రిమిసంహారక మందూ గుర్తుకు వస్తాయి, నేలకు సారం కూర్చే జీవుల మీద ఆ నింద ఎందుకు? పాఠ్యపుస్తకాలు పర్యావరణానికీ (ఎన్విరాన్‌మెంట్) ఆవరణ వ్యవస్థకూ (ఎకోసిస్టమ్) తేడా పాటిస్తున్నాయి. మీకు కావలసింది రెండోది. మృత్తిక అన్నచోట ‘నేల’ అనండి.

అసలు చిక్కు, ఇంగ్లీషు ‘ఎన్‌రిచ్‌మెంట్’కు మీరు వాడిన ‘సుసంపన్నత’లో ఉంది. ‘నత్రజని సమస్థానీయాల సుసంపన్నత’ అని చదివినవారు ఆ నేలలో నత్రజని పుష్కలంగా ఉందనుకుంటారు. నిజం దాదాపు దీనికి ఎదురు. చలికి ఆకూ అలమూ కుళ్లడం మందగించి, మొక్కలు తీసుకోగల రూపంలో నత్రజని ఎప్పుడూ కొరతగానే ఉండే నేలలవి. అమెరికాలోని కొలరాడోలో రాకీ పర్వతాల మీద ఉన్న నైవాట్ రిడ్జి ఇందుకు బాగా పరిశీలించిన ఉదాహరణ. అక్కడ చలికాలమంతా మంచు దుప్పటి కింద వృద్ధి చెందిన సూక్ష్మజీవులు, మంచు కరిగే వేళకు పెద్ద ఎత్తున నశించి, తమలో దాచుకున్న నత్రజనిని నేలకు విడిచిపెడతాయి, మొక్కలు దానికోసం కాచుకొని ఉంటాయి. ఇలాంటి చోటు గురించి రాస్తూ శీర్షికలోనే సంపద మాట ఎత్తడం పాఠకుణ్ణి దారి తప్పించడమే.

మీరు చెప్పదలచినది వేరు. గాలిలోని నత్రజనిలో వెయ్యి పరమాణువులు లెక్కపెడితే సుమారు 996 నత్రజని-14, నాలుగుకు కాస్త తక్కువగా నత్రజని-15 ఉంటాయి. రెంటిలోనూ ప్రోటాన్లు ఏడే, రెండోదానిలో న్యూట్రాన్ ఒకటి ఎక్కువ కనుక అది బరువైనది, మొదటిది తేలిక. తిండిలో కర్బనం చాలనప్పుడు సూక్ష్మజీవులు శక్తి కోసం అమైనో ఆమ్లాలను విడగొట్టి, మిగులు నత్రజనిని అమ్మోనియం రూపంలో బయటికి వదులుతాయి. ఆ పోయేదానిలో తేలికది కొంచెం ముందుంటుంది కనుక, వాటి దేహంలో మిగిలినదానిలో బరువైనది స్వల్పంగా హెచ్చుతుంది. పొయ్యి మీద పులుసు ఇగిరిపోతే ఉప్పు ఎక్కువైందంటాం గానీ ఆ ఉప్పును కొత్తగా ఎవరూ వేయలేదు. పోలిక పూర్తిగా అతకదు, ఉప్పు ఆవిరైపోదు, ఇక్కడ బరువైన నత్రజని కూడా కొంత పోతూనే ఉంటుంది. కానీ తెలుగు వాక్యంలో క్రియ ఏ వైపు నిలబడాలో అది చూపిస్తుంది. జరిగింది చేరడం కాదు, పోగా మిగలడం.

పత్రికలు యురేనియం విషయంలో ఇదే భావానికి ‘శుద్ధి’ అంటున్నాయి. అది మనిషి పనిగట్టుకొని చేసే పని కాబట్టి ఏదో విధంగా చెల్లింది. మట్టిలో శుద్ధి చేసేవారెవరూ లేరు గనుక ఆ మాట ఇక్కడికి తేకండి. బరువైనదాన్ని ‘భార నత్రజని’ అనవచ్చు, మణుగూరు కర్మాగారం పుణ్యమా అని ‘భారజలం’ మనకు పరిచయమే.

శీర్షికను ‘మంచు కొండల నేలలో సూక్ష్మజీవులు: నత్రజని ఐసోటోపుల నిష్పత్తి’ అని పెట్టి, లోపల ‘తేలిక నత్రజని ముందుగా బయటికి పోవడంతో సూక్ష్మజీవుల దేహంలో భార నత్రజని వాటా పెరుగుతుంది’ అని రాయండి. వాటా ఉర్దూ నుంచి వచ్చిందేమో, అచ్చ తెలుగు ‘పాలు’ ఉండగా ఇదెందుకని మీరు అడగవచ్చు. నేనూ మొదట ‘భార నత్రజని పాలు పెరుగుతుంది’ అనే రాసుకున్నాను. పాలూ పెరుగూ పక్కపక్కన కనబడేసరికి కొట్టివేశాను.