విమానం ఎక్కేముందు మీ వైజాగ్ సిమ్ సంగతి చూసుకోండి

ఆగస్టు సెమిస్టర్‌కి అమెరికా బయల్దేరే వైజాగ్ పిల్లలు ఏటా అమెరికాలో ఉన్న నన్ను అడిగే మొదటి ప్రశ్న ఒకటే. "ల్యాప్‌టాప్ ఇక్కడే కొనేసి తెచ్చుకోమంటారా, అక్కడికొచ్చాక కొనుక్కోమంటారా?" మీ దగ్గర బాగా నడిచేది ఉంటే అదే తెచ్చుకోండి. కొత్తది కొనాలనుకుంటే మాత్రం ద్వారకానగర్‌లో బేరమాడేటప్పుడు వారంటీ అమెరికాలో చెల్లుతుందో లేదో అడిగి, కాగితం మీద చూసుకోండి. చార్జర్ గురించి టెన్షన్ వద్దు. దాని వెనక సన్న అక్షరాల్లో 100-240 వోల్టులని రాసి ఉంటే అమెరికా 120 వోల్టుల కరెంటుకీ సరిపోతుంది, పిన్ను మార్చే చిన్న అడాప్టర్ చాలు. అమ్మ సర్దిపెట్టే మిక్సీ సంగతి అలా కాదు. అది 230 వోల్టులది, ఇక్కడ మూలుగుతుంది తప్ప పప్పు రుబ్బదు. పవర్‌బ్యాంకు చేతి సంచిలోనే పెట్టుకోండి, చెకిన్ సూట్‌కేసులో పెట్టనివ్వరు.

ల్యాప్‌టాప్ మీద పెట్టే బుర్రలో పావు వంతు సిమ్ మీద పెడితే సగం తిప్పలు తప్పుతాయి.

మీ బ్యాంకు, ఆధార్, ఆదాయపు పన్ను లాగిన్, జీమెయిల్, వాట్సాప్ అన్నీ ఆ పది అంకెల నంబరుకే కట్టేసి ఉన్నాయి. గాజువాక నుంచి వచ్చిన ఒకబ్బాయి దిగిన వారంలోనే ఇక్కడ కొత్త ఐఫోన్ కొన్నాడు. ఆ రాత్రి ఎడ్యుకేషన్ లోను పని మీద బ్యాంకు యాప్ తెరవాల్సొచ్చింది. పాత సిమ్ చేత్తో పట్టుకుని ఫోన్‌ని నాలుగు వైపులా తిప్పి చూస్తున్నాడు, ఎక్కడ దూర్చాలా అని. దూర్చడానికి అక్కడ చోటే లేదు. 2022లో వచ్చిన ఐఫోన్ 14 నుంచి అమెరికాలో అమ్మే ఐఫోన్లకి సిమ్ ట్రే ఉండదు, ఈ-సిమ్ (కార్డు లేకుండా ఫోన్లోనే ఎక్కించే సిమ్) ఒక్కటే. ఇండియాలో కొన్నవాటిలో చాలావాటికి ట్రే ఉంటుంది కాబట్టి ఇంటి దగ్గర ఎవరికీ ఈ ఆలోచన రాదు. వైజాగ్‌లో ఉండగానే మీ నంబరుని ఈ-సిమ్‌గా మార్పించుకోండి. లేదా ట్రే ఉన్న పాత ఆండ్రాయిడ్ ఫోన్ని ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేయకుండా వెంట తెచ్చుకోండి. నా ఓటు రెండోదానికే. ఆ పాత ఫోన్ సొరుగులో పడి ఉండి ఓటీపీలు అందుకుంటూ ఉంటుంది. ఇంటర్నేషనల్ రోమింగ్ బయల్దేరేముందే ఆన్ చేయించి, మెసేజీలు అందుకోవడానికి చార్జీ ఉందేమో కంపెనీని అడగండి. రీచార్జ్ గడువు తీరేలోపు గుర్తుచేసేలా అలారం పెట్టుకోండి. వాడకుండా వదిలేస్తే నంబరు పోతుంది, పోయిన నంబరు ఇంకొకరికి ఇచ్చేస్తారు కూడా.

చాలామంది చేసేది వేరు. సిమ్ నాన్నగారి ఫోన్లో వేసి వచ్చేస్తారు. న్యూయార్క్‌లో సాయంత్రం నాలుగున్నర అయితే వేసవిలో వైజాగ్‌లో రాత్రి రెండు. ఎంవీపీ కాలనీలో నిద్రపోతున్న పెద్దాయన్ని లేపి, కళ్లజోడు వెతికించి, "నాన్నా, ఆరంకెలు చదువు" అంటాం. ఆయన చదివేలోపు గడువు తీరిపోతుంది, మళ్లీ పంపించాలి. నాకు ఒళ్లు మండేది ఆయన నిద్ర పాడయ్యిందని మాత్రమే కాదు. ఓటీపీ ఎవరికీ చెప్పకండి అని పొద్దస్తమానం ఆయనకి పాఠం చెప్పేదీ మనమే, ఫోన్లో గట్టిగా చదివి వినిపించడం అలవాటు చేసేదీ మనమే. రేపు ఎవడో బ్యాంకు నుంచంటూ హడావుడిగా అడిగితే ఆయనకి అది కొత్తగా అనిపించదు. సిమ్ మీ దగ్గరే ఉండాలి.

జీమెయిల్‌కి ఇంకో జాగ్రత్త ఉంది. కొత్త దేశంలో లాగిన్ అవగానే గూగుల్‌కి అనుమానమొచ్చి పాత నంబరుకి కోడ్ పంపొచ్చు. ఆఫర్ లెటరూ యూనివర్సిటీ మెయిళ్లూ అందులోనే ఉంటాయి. సెక్యూరిటీ సెట్టింగ్స్‌లో బ్యాకప్ కోడ్లు పది ఇస్తుంది. ప్రింటు తీసి పాస్‌పోర్ట్ కవర్లో పెట్టుకోండి.

యూపీఐ సంగతి చాలామందికి తెలీదు. 2023 నుంచి అమెరికా, కెనడా, బ్రిటన్, ఆస్ట్రేలియా సహా పది దేశాల నంబర్లతో, విదేశాల్లో ఉండే భారతీయులు ఇండియాలో తెరిచే ఎన్‌ఆర్‌ఈ, ఎన్‌ఆర్‌ఓ ఖాతాలకి యూపీఐ పెట్టుకునే వీలిచ్చారు. అన్ని బ్యాంకులూ, యాప్‌లూ ఇవ్వవు, మీ బ్యాంకుని అడగండి.

ఇక ఇంట్లో ఉండిపోయే కంప్యూటర్. అందులో ఇంకా విండోస్ 10 ఉంటే, మైక్రోసాఫ్ట్ దానికి మామూలు సపోర్ట్ (భద్రతా లోపాలు సరిచేసే అప్‌డేట్లు) 2025 అక్టోబర్ 14న ఆపేసింది. వెళ్లేముందు 11కి మారుతుందో లేదో చూడండి. మారకపోతే అమ్మానాన్నల బ్యాంకు పనులు అందులో మాన్పించండి. దూరం నుంచి రిపేర్ చేయడానికి విండోస్‌లోనే క్విక్ అసిస్ట్ ఉంది. కంట్రోల్, విండోస్, క్యూ మూడూ కలిపి నొక్కితే తెరుచుకుంటుంది. మీరు ఇటు నుంచి కోడ్ ఇస్తే వాళ్లు అటు కొట్టాలి. ఆ కోడ్ పది నిమిషాలే పనిచేస్తుంది. వైజాగ్‌లో ఉండగానే పక్క గదిలో కూర్చుని ఒకసారి రిహార్సల్ చేయించండి. వేల మైళ్ల అవతల నుంచి "ఎడమ చేతి కింద మూల కంట్రోల్ అని ఉంటుంది చూడమ్మా" అని మొదలెడితే ఇద్దరికీ కోపాలొస్తాయి.

మోసగాళ్లు కూడా సరిగ్గా ఇలాంటి యాప్‌లే వాడతారు. మీ మొహం వీడియో కాల్‌లో కనిపిస్తేనే కోడ్ కొట్టాలని ఇంట్లో ఖరారు చేసుకోండి. కంప్యూటర్‌లో వైరస్ ఉంది, ఈ నంబరుకి ఫోన్ చేయండి అంటూ తెర నిండా ఎర్రగా వచ్చి సైరన్ మోగిందా, ఫోన్ చేయక్కర్లేదు, పవర్ బటన్ గట్టిగా నొక్కి పట్టుకుని ఆపేయమనండి. పోలీసులమంటూ వీడియో కాల్ చేసి డిజిటల్ అరెస్ట్ అన్నా అంతే, కట్ చేయడమే. చట్టంలో అలాంటి అరెస్టు లేదు. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయాలి. ఆ నంబరు ఫ్రిజ్ మీద పెద్దక్షరాలతో అంటించి రండి.

ఫొటోలు ఒక్క హార్డ్‌డిస్క్‌లోనే ఉంచి రాకండి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ కొట్టినప్పుడు రోజుల తరబడి కరెంటూ ఫోన్లూ లేవు, ఇళ్లలోకి వాన కొట్టింది. తుపాను రాకపోయినా పెదవాల్తేరు, లాసన్స్‌బే వైపు ఉప్పుగాలికి యూఎస్‌బీ పోర్టులు తుప్పు పడతాయి. ఒక కాపీ క్లౌడ్‌లో ఎక్కించండి, ఇంకోటి చిన్న డిస్క్‌లో మీ చేతి సంచిలో తెచ్చుకోండి. అప్‌లోడ్‌కి రాత్రంతా పడుతుంది కాబట్టి ప్రయాణం ముందురోజు మొదలెట్టకండి.